బిడ్డ నడిగితిరా?

(హనుమకొండయందలి యొక పఠనమందిరములో చేసిన యుపన్యాసపాఠము)



నేటి సాయంకాలము మేము మాటాడబూనిన విషయము పైకి చిన్నదిగా కనబడవచ్చును. ఐదవ తరగతి ముగించిన బిడ్డ ఆరవ తరగతికి ఏ బడికి పోవలెను? ఈ ప్రశ్నకు ఒక యింట తండ్రి తీర్పు చెప్పును. మరియొక యింట మేనమామ చెప్పును. వేరొక యింట ఎదురింటివారి పిల్లవాడు చేరిన బడియే తీర్పగును. సంక్రాంతి దాటినది మొదలు ప్రవేశములకై గడపగడపకు తిరుగు బడుల ప్రతినిధులు సగము తీర్పు చేతబట్టుకొనియే వత్తురు. ఇందరు తీర్పరులుండియు, ఆ బడిలో ఐదేండ్లు గడపవలసిన బిడ్డను మాత్రము దగ్గరకు పిలిచి యడుగువారు కానరారు. సాక్ష్యము లేని విచారణ, కక్షిదారు నెరుగని డిక్రీ! న్యాయస్థానములలో కాలము గడుపు మాకు ఈ పద్ధతి మిక్కిలి వింతగా తోచుచున్నది.

మా మాటను అపార్థము చేసికొనకుందురుగాక. బడి నెన్నుకొను నధికారమును పూర్తిగా బిడ్డ చేతిలో పెట్టుమని మేము చెప్పుట లేదు. ఇంటి యాదాయ మెంతయో, దారి యెంత దూరమో, ఏ బడిలో చదువు నిజముగా జరుగుచున్నదో తెలిసినవారు పెద్దలే. మేము కోరునది మూడు మాటలలో నిమిడియున్నది. రుసుము చెల్లింపకముందే బిడ్డ నడుగవలెను. అడిగినపిమ్మట వినవలెను. వినియు కాదనవలసివచ్చినచో కారణము చెప్పవలెను. ఇంతకంటె ఎక్కువ మేమడుగము; ఇంతకంటె తక్కువకు ఒప్పుకొనము.

ఒకప్పుడు ఈ ప్రశ్నయే పుట్టలేదు. ఊరిలో చిన్నబడి, ఆపైన అందుబాటులోనున్న ఉన్నత పాఠశాల. ఉన్నది ఒక్కటే యైనప్పుడు ఎన్నిక యెక్కడిది? నేడు వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో ఆ స్థితి లేదు. సర్కారు బడి యున్నది, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యున్నది, కేంద్రీయ విద్యాలయ మున్నది, మామునూరున నవోదయ విద్యాలయ మున్నది, సంక్షేమ గురుకులములున్నవి, మిషనరీల బడులున్నవి, వీధివీధికి ఖాన్గీ బడులున్నవి. ఎన్నుకొనవలసిన యవసరము కలిగిననాడే, ఎన్నుకొనువారెవరను ప్రశ్నయు కలిగినది.

అంతియే గాదు. నేటి ఆరవ తరగతి ఉత్త ఆరవ తరగతి కాదు. ‘ఐఐటీ ఫౌండేషన్’, ‘ఒలింపియాడ్’, ‘టెక్నో’ అను పేర్లు బడుల నొసళ్లపై పెద్ద యక్షరములతో వ్రాయబడియున్నవి. పదునొకండేండ్ల బిడ్డను ఆ ద్వారములో ప్రవేశపెట్టుట యనగా, ఇంజనీరో వైద్యుడో కమ్మని నొసట వ్రాసి పంపుటయే. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ మన పట్టణమున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపనము చేసెను. ఆ యేడే కాకతీయ వైద్య కళాశాలయు నెలకొన్నది. 2002లో ఆ ఇంజనీరింగు కళాశాల జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది. ఈ రెండు సంస్థలును మనకు గర్వకారణములు. వాని ముందునుండి బస్సులో పోవు ప్రతి తండ్రియు తన బిడ్డను ఆ గేటులోపల ఊహించుకొనును. అందు తప్పేమియు లేదు. లోకమున నున్నవి ఆ రెండు ద్వారములే, తక్కినదంతయు గోడయే యని తలచుటలోనే చేటున్నది.

శిక్షణకేంద్రములు పదునారేండ్లు నిండనివారిని చేర్చుకొనరాదనియు, ఉన్నత పాఠశాల పరీక్ష ముగిసిన పిమ్మటనే చేర్చుకొనవలెననియు 2024 జనవరిలో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. మంచిదే. కాని ఆ శిక్షణయే వేరొక పేరుతో ఆరవ తరగతి కాలపట్టికలో వచ్చి కూర్చున్నప్పుడు ఆ మార్గదర్శకము దాని నంటజాలకున్నది. శిక్షణకేంద్రపు వాకిట పదునారేండ్ల నియమము. బడి వాకిట పదునొకండేండ్లకే ప్రవేశము! ఇట్టి సందున చట్టము పట్టజాలనిదానిని ఇల్లే పట్టవలెను. ఇల్లు పట్టుట యనగా బిడ్డ నడుగుటయే.

ఇది ఉబుసుపోకకు చెప్పు మాట గాదు. విశాఖపట్టణమున వైద్యప్రవేశపరీక్షకు సిద్ధమగుచున్న యొక బాలిక మరణమునుగూర్చిన వ్యాజ్యెములో సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలై 25వ తేదీన తీర్పు చెప్పినది. 2022వ సంవత్సరమున దేశమునందు 1,70,924 మంది బలవన్మరణము పాలైరనియు, వారిలో 13,044 మంది విద్యార్థులనియు, పరీక్షలో తప్పుట కారణముగా లెక్కింపబడిన మరణములు 2,248 అనియు నా తీర్పునం దున్నది. ఈ మరణములన్నియు బడి యెంపికవలననే కలిగినవని మేమనము. అట్లనుట అసత్యమగును, చనిపోయిన బిడ్డలకును వారి తలిదండ్రులకును అపచారమగును. మేము చెప్పునది వేరు. మార్కులనుబట్టి పిల్లలను వేర్వేరు జట్లుగా విడదీయరాదని, నలుగురిలో అవమానింపరాదని, ఏ చదువు ఎవరికి తగునో విద్యార్థులకును తలిదండ్రులకును కలిపి సలహా చెప్పవలెనని న్యాయస్థానము ఆదేశించినది. దేశమునందలి యున్నత న్యాయపీఠము చదువులను గూర్చి తలిదండ్రులను, బిడ్డలను ఒక్కచోట కూర్చుండబెట్టుమని చెప్పవలసిన దినము వచ్చినది. ఆ పని మన యింటి వసారాలోనే జరుగవలసియుండెను గదా!

ఇందులోని సూక్ష్మమును కొంచెము విచారింతము. వాకిలి దగ్గర అడుగబడని బిడ్డ, లోపల కష్టము కలిగినప్పుడు నోరు తెరువడు. “నన్నడిగి చేర్చిరా? ఇప్పుడు చెప్పిన వినువారెవరు?” అని ఊరకుండును. తండ్రి అప్పుచేసి కట్టిన రుసుము వాని నాలుకపై బరువై కూర్చుండును. అదే ఒకమారు అడుగబడిన బిడ్డ రెండవమారు తానే వచ్చి చెప్పును. కావున అడుగుటవలన కలుగు లాభము మంచి బడి దొరకుట మాత్రమే గాదు. తండ్రికిని బిడ్డకును నడుమ మాట నడచు దారి తెరచియుండుటయే దాని పెద్ద లాభము. బడి చెడ్డదైనను మార్చుకొనవచ్చును. ఆ దారి మూసికొనిపోయినచో తిరిగి తెరచుట కష్టము.

“పిల్లవాని కేమి తెలియును? ముందుచూపు పెద్దలది” అని మాతో వాదించువారున్నారు. ఈ ముందుచూపును కొంత పరీక్షింతము. మన యోరుగల్లు చరిత్రయే దానికి సాక్షి. నైజాము రాజ్యమున పాలనాభాష ఉర్దూ. ఉన్నత పాఠశాలలలో బోధనాభాషయు నదియే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున శాస్త్రములుసైతము ఉర్దూలోనే బోధింపబడినవి. ఉర్దూ మధురమైన భాష. దానిపై మాకెట్టి ద్వేషమును లేదు. కాని నాటి తండ్రులు, సర్కారు నౌకరీ ఎప్పటికిని ఆ భాషలోనే యుండునని లెక్కవేసి, ఇంట తెలుగు మాటాడు బిడ్డలను ఆ చదువులోనికి పంపిరి. 1948 సెప్టెంబరులో రాజ్యము మారినది. విశ్వవిద్యాలయము ఇంగ్లీషునకు మరలినది. ఆ లెక్క యంతయు తారుమారైనది. 1934లో ఆజంజాహీ మిల్లు ఇక్కడ స్థాపింపబడినప్పుడు, దానిలో పని దొరకినవాని బ్రదుకు మూడు తరములవరకు నిశ్చింతయని తలచినవారెందరో! నేడు ఆ మిల్లు లేదు. ఆ తండ్రులు తెలివితక్కువవారా? కారు. వారు తమ కాలమును చక్కగా చదివిరి. రాబోవు కాలమును చదువుట ఎవరికిని చేతకాదు.

నేటి తండ్రి కంప్యూటరును చూపి, నాటి తండ్రి ఉర్దూ నౌకరీని చూపినంత ధీమాతోనే మాటాడుచున్నాడు. ఇరువదియేండ్లకు ఏ పని కూడు పెట్టునో అతనికిని తెలియదు, మాకును తెలియదు. అట్లయినచో బిడ్డ తనవెంట నిశ్చయముగా తీసికొనిపోగలిగిన మూలధన మేది? తనకిష్టమైనదానిని కష్టపడి నేర్చుకొను నలవాటొక్కటే. రాజ్యము మారినను, మిల్లు మూతబడినను, ఆ యలవాటు చెడదు. ఆ యిష్ట మెక్కడ నున్నదో బిడ్డ నడుగక తెలిసికొను మార్గము మాకు కానరాలేదు.

మన పెద్దలు ఏ ధర్మముకొరకు పోరాడిరో ఒక్కసారి స్మరింతము. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరిపినది మొదలు ఆంధ్రమహాసభవారు మాతృభాషలో చదువు కావలెనని కోరుచునే వచ్చిరి. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను చదువునుండి వెడలగొట్టగా, పాట మానుటకంటె బడి మారుటయే మేలని వారు నిశ్చయించుకొనిరి; నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పెక్కుమందిని చేర్చుకొన్నది. ఆ యువకుల నిశ్చయమును నేడు సభలలో కీర్తించుచున్నాము. చదువుకొనువాని నడుగక వాని చదువును నిర్ణయింపరాదనుటయే గదా ఆ పోరాటములోని ధర్మము! దివాణమునకు చెప్పిన ధర్మము మన దివాణఖానాకు వర్తింపదా? నైజాము నడిగిన న్యాయమును మన బిడ్డ మనల నడిగినచో “ఎదురాడుచున్నావు” అందుమా?

ఇక చట్టమేమనుచున్నదో, మా వృత్తికి సంబంధించినది గనుక, కొంచెము చెప్పుదుము. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమున 17వ సెక్షను సంరక్షకుని నియమించుటనుగూర్చినది. మైనరు తెలివితో తన యిష్టమును చెప్పగలిగిన వయస్సువాడైనచో న్యాయస్థానము ఆ యిష్టమును పరిశీలింపవచ్చునని దానియందున్నది. పరాయిదొరలు వ్రాసిన నూటముప్పదియేండ్ల నాటి చట్టమే బిడ్డ మాటకు చోటిచ్చినది. తలిదండ్రులు విడిపోయినప్పుడు న్యాయమూర్తి బిడ్డను తన గదిలోనికి పిలిచి, “ఎవరి దగ్గర నుందువు నాయనా?” యని మెల్లగా అడుగుట మేమెరుగుదుము. ఇల్లు విరిగినప్పుడు బిడ్డ నడుగుదుము. ఇల్లు చక్కగానున్నప్పుడు అడుగము! ఇది యెక్కడి న్యాయము?

భారతీయ న్యాయ సంహితయందు ఏడేండ్లు నిండని బిడ్డ చేసినది నేరము కాదు. ఏడునుండి పండ్రెండేండ్లలోపువాడైనచో వానికి మంచిచెడ్డ తెలియు పరిపాకము కలదా యని విచారింపవలెను. పండ్రెండు దాటినవానికి ఆ మినహాయింపు లేదు. అనగా తప్పుచేయుటకు తెలివియున్నదని చట్టము నమ్ము వయస్సులో, బడి నెన్నుకొనుటకు తెలివి లేదని మనము నమ్ముచున్నాము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షనులో, చదువు బిడ్డను భయమునుండి విడిపించి తన యభిప్రాయమును స్వేచ్ఛగా చెప్పుటకు తోడ్పడవలెనని యున్నది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణము, బిడ్డకు సంబంధించిన ప్రతి విషయమునను వాని మాటకు వయస్సునకును పరిపాకమునకును తగిన విలువ నీయవలెనని చెప్పుచున్నది. మన దేశము 1992 డిసెంబరులో దానికి సమ్మతించినది.

వీనియన్నిటికంటెను మాకు ముఖ్యముగా తోచినది 2014 మే 6వ తేదీన సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటక వ్యాజ్యెములో చెప్పిన తీర్పు. ప్రాథమిక దశలో బోధనాభాష నెన్నుకొను స్వేచ్ఛ బిడ్డది. బిడ్డ తరఫున తలిదండ్రులది, లేక సంరక్షకునిది, అని ధర్మాసనము నిర్ణయించినది. ‘తరఫున’ అను నా యొక్క మాటలో మా వృత్తిధర్మ మంతయు నున్నది. మేము కక్షిదారు తరఫున నిలుతుము. చట్టము మాకు తెలిసినంతగా అతనికి తెలియదు. అయినను వకాల్తునామాపై అతని చేవ్రాలు లేక కోర్టులో నోరు విప్పము. అతని సమ్మతి లేక రాజీకి ఒప్పుకొనము. ఏలయన, గెలిచినను ఓడినను ఆ ఫలము ననుభవించువాడు అతడు. తండ్రి బిడ్డకు వకీలు. కక్షిదారు నొక్కమాటయైన అడుగక కేసు నడపు వకీలును మనమేమందుమో, బిడ్డ నడుగక రుసుము కట్టు తండ్రినిగూర్చియు అదే అనవలసియున్నది.

ఇతర దేశములలో ఈ విషయమును బహుకాలముగా విచారించుచున్నారు. జర్మనీలో 1921 నాటి చట్టమొకటి నేటికిని అమలులోనున్నది. దాని ప్రకారము పదునాలుగేండ్లు నిండిన బిడ్డ తన మతమును తానే నిర్ణయించుకొనవచ్చును. పండ్రెండేండ్లు నిండిన బిడ్డను వాని యిష్టమునకు విరుద్ధముగా వేరొక మతమున పెంచరాదు. అధికారమును ఒక్కసారిగా గాక మెట్లుమెట్లుగా ఇచ్చుట యిందలి విశేషము: మొదట కాదను హక్కు, పిదప ఎన్నుకొను హక్కు. అమెరికాలో 1972లో అమిష్ అను మతశాఖకు చెందిన తలిదండ్రులు, ఎనిమిదవ తరగతికి పైన తమ పిల్లలను ఉన్నత పాఠశాలకు పంపమని వాదించి సర్వోన్నత న్యాయస్థానమున గెలిచిరి. అప్పుడు న్యాయమూర్తి డగ్లస్ ఒక్కడు వేరుగా నిలిచి, ఆ పిల్లల నడిగితిరా యని ప్రశ్నించెను. సాక్ష్యము చెప్పిన యొక్క బాలిక విషయమున మాత్రమే తీర్పుతో నేకీభవించెను. అతని మాట నాడు నెగ్గలేదు. కాని ఆ ప్రశ్నకు ఎవరును సరియైన సమాధానము చెప్పినట్లు మాకు తోచదు.

ఇక ఆక్షేపణలకు వత్తము. “పిల్లవాని నడిగిన, స్నేహితు డున్న బడి చెప్పును, మైదాన మున్న బడి చెప్పును” అందురు. చెప్పనిండు! స్నేహితుడు అల్పమైన వస్తువా? క్రొత్త బడిలో మొదటి మాసమున బిడ్డను నిలబెట్టునది పక్కబల్లపై కూర్చున్న తెలిసిన ముఖమే. మైదానము అల్పమైన వస్తువా? మూడంతస్తుల కట్టడములో వెలుతురు చొరని గదిలో పదిగంటలు కూర్చున్నవాని కన్నులను, నడుమును అడిగి చూడుడు. బిడ్డ చెప్పిన కారణము మనకు చిన్నదిగా తోచినంతమాత్రమున అది కారణము కాకపోదు. దూరము, భయము, కొట్టు పంతులు, తాళము వేసియుండు మరుగుదొడ్డి – ఇవి పెద్దలు బడి చూడబోయినప్పుడు ఆఫీసుగదిలో కనబడవు, పిల్లలకే తెలియును.

“భూమి నమ్మి చదివించుచున్నాము, వాని నడుగవలెనా?” అను తండ్రి మాటలో బాధ యున్నది, దానికి మేము తలవంచుచున్నాము. ఎనుమాముల మార్కెట్టులో మిరప యమ్మి, పత్తి యమ్మి, ఆ డబ్బును నేరుగా బడి కౌంటరు దగ్గరకు తీసికొనిపోవు రైతు త్యాగము సామాన్యమైనది కాదు. అయితే, ఎకరము కొనునప్పుడు సరిహద్దులు తిరిగి చూతుము. ఎద్దును కొనునప్పుడు పండ్లు పట్టి చూతుము. అంత వ్యయముచేసి పంపు బడికి బిడ్డ యిష్టపడునో లేదో తెలిసికొనకుండుట ఏమి వ్యవహారము? వ్యయ మెక్కువైనకొలది అడుగుటయు నెక్కువ అవసరమగును.

“ఇవన్నియు ఉన్నవారి ముచ్చట్లు, బీదవానికి ఎన్నిక యేది?” అని మరియొక ప్రశ్న. ఇది ముఖ్యమైనది. హనుమకొండలో చదువుకొనిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగానున్నప్పుడు, 1971లో, నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైనది. ఆ వెలుగులోనే పిదప దేశమంతట నవోదయ విద్యాలయములు వెలసినవి. బీదబిడ్డకు మంచి కూడు, మంచి చదువు ఒక్కచోట దొరకుట ఈ నేలపై జరిగిన గొప్ప కార్యములలో నొకటి. కాని గురుకులములో చేరునది ఐదవ తరగతిలో. అప్పటికి బిడ్డకు తొమ్మిదో పదో యేండ్లు. ఆ వయస్సున తల్లి పక్క విడిచిపోవలసిన బిడ్డను అడుగకుండుట ధనికుని బిడ్డను అడుగకుండుటకంటె క్రూరమైనది. అక్కడకూడ ఎన్నిక లేకపోలేదు. ఈ యేడే పోవుటయా, ఊరి బడిలో చదివి పైయేడు పోవుటయా? దూరపు గురుకులమా, దగ్గరిదా? ఎన్నిక నిజముగా లేనిచోటను, “బిడ్డా, మన స్థితి యిది, నీవు పోవలసియున్నది, నీకు దేనివలన భయము?” అని ముందుగా కూర్చుండి చెప్పుట కలదు. చెప్పక తీసికొనిపోయి గేటువద్ద విడిచివచ్చుట కలదు. రెండును ఒక్కటియేనా?

ఆడుబిడ్డ నడుగుట మరింత యరుదు. కొడుకునకు ఖాన్గీ బడి, కూతురునకు సర్కారు బడి యని ముందే నిర్ణయించిన యిండ్లు మన వీధులలో లేవా? కూతురును ఏ బడికి పంపవలెననుటలో దారియు, బస్సును, పెండ్లి ఖర్చును లెక్కకు వచ్చును; ఆమె యిష్టము లెక్కకు రాదు. కొడుకు నడుగు నింట కూతురును అడుగకుండినచో, ఆ యింట అడుగుట యను ధర్మము ఇంకను పుట్టలేదనియే మా యభిప్రాయము.

అడుగుట యెట్లు? “ఏ బడికి పోదువు?” అని త్రోవన పోవుచు నడిగిన నది యడుగుట కాదు. “ఆ బడికి పోదువు గదా?” యని యడుగుట అంతకంటెను కాదు, కోర్టులో అట్టి ప్రశ్నను మేము ఆక్షేపింతుము. మొదట పెద్దలు తమ శక్తికి లోబడిన రెండుమూడు బడుల నేర్పరుపవలెను. ఇంటి యాదాయమును బిడ్డకు దాచక చెప్పవలెను. పిల్లలు మనమనుకొనునంత అవివేకులు కారు. బిడ్డను వెంటబెట్టుకొని బడి నడచు దినమున పోవలెను, సెలవు దినమున గాదు. తరగతిని, మైదానమును, పుస్తకముల గదిని, నీటి కొళాయిని, మరుగుదొడ్డిని బిడ్డ తన కన్నులతో చూడవలెను. అక్కడ చదువుచున్న యొక పిల్లవానితో పెద్దలు లేకుండ మాటాడనీయవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట రెండు దినములు ఊరకుండి, మూడవ దినమున అడుగవలెను. తల్లి వేరుగా, తండ్రి వేరుగా అడుగుట మేలు. తండ్రియెదుట చెప్పని మాట బిడ్డ తల్లితో చెప్పును.

బిడ్డ యొక బడి వలదన్నచో ఆ ‘వలదు’ను ‘కావలెను’ కంటె ఎక్కువ గౌరవింపవలెనని మా విన్నపము. ముఖ్యముగా వసతిగృహము వలదన్న బిడ్డను బలిమిని పంపరాదు. కావలెనన్నదానికి కారణము చెప్పలేకపోవచ్చును. వలదన్నదాని వెనుక ఏదో యొకటి యుండితీరును. దానిని త్రవ్వి తెలిసికొనువరకు రుసుము చెల్లింపకుడు. “ఉగాదిలోపల కట్టినచో ఇంత తగ్గింపు” అని తొందరపెట్టువారి తగ్గింపుకంటె మన బిడ్డ నిదుర విలువయైనది.

ఒకసారి యడుగుటతో పని తీరదు. దసరా సెలవులకు, బతుకమ్మ పండుగకు బిడ్డలు వసతిగృహములనుండి ఇండ్లకు వత్తురు. ఆ దినములలో మార్కుల నడుగుటకు ముందు మనస్సు నడుగుడు. తిండి తగ్గినదా, మాట తగ్గినదా, తిరిగిపోవు నాటి రాత్రి కడుపునొప్పి వచ్చుచున్నదా – చూడుడు. మార్చవలసివచ్చినచో సంకోచింపకుడు. విద్యాహక్కు చట్టము 5వ సెక్షను ప్రకారము ఎనిమిదవ తరగతివరకు, ఏ కారణముచేతనైనను బడి మారవలసిన బిడ్డ సర్కారు బడికో, ప్రభుత్వసహాయము పొందు బడికో మారు హక్కు కలిగియున్నాడు. పాత బడివారు బదిలీపత్రమును వెంటనే ఈయవలెను. ఆ పత్రము ఆలస్యమైనదను నెపమున క్రొత్త బడివారు ప్రవేశమును నిరాకరింపరాదు. ఈ చిన్న సంగతి తెలియకనే ఎందరో తలిదండ్రులు, “ఇక చేయునదేమి? ఈ యేడు గడవనిమ్ము” అని యూరకుందురు.

సభాసదులారా! మనమిప్పుడు కూర్చున్న యీ పఠనమందిరమువంటి స్థలములను చూచియైన ఒక సంగతి గ్రహింపవలెను. 1904లో ఈ హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. తెలుగు చదువునకు సర్కారు బడిలో చోటు కరవైన దినములలో ఎందరో బాలురు ఇట్టి నిలయముల బీరువాల ముందు నిలిచి, తమకు నచ్చిన పుస్తకమును తామే తీసికొని చదివిరి. ఏ పుస్తకము తీయవలెనో వారికెవరును ఆజ్ఞాపింపలేదు. ఆ చదువరులే పిదప సభలు నడపిరి, పత్రికలు నడపిరి, చెరసాలలకు పోయిరి. ఎన్నుకొనుటయు నొక విద్యయే. దానిని పదునెనిమిదేండ్లు నిండిన దినమున ఓటుచీటీతోపాటు ఎవరును చేతిలో పెట్టలేరు. పదియేండ్లప్పుడు బడినిగూర్చి యొక మాట చెప్పి, ఆ మాట వినబడుట చూచినవాడు, రేపు ఊరినిగూర్చి, దేశమునుగూర్చి మాట చెప్పగలవాడగును.

ఈ యేడు మీ యింట ఐదవ తరగతి ముగించు బిడ్డ యున్నచో, ప్రవేశపత్రముపై చేవ్రాలు చేయకముందు ఆ బిడ్డను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మీ పొరుగింట నున్నచో, ఆ తండ్రిని “ఏ బడిలో చేర్చితిరి?” అని యడుగుట మాని, “బిడ్డ నడిగితిరా?” అని యడుగుడు. ఈ ప్రశ్న మన పట్టణమున నలుగురి నోట వినబడుననియే మా యాశ.